తప్పు కూలీదా, పని ఏర్పాటుదా? నూరేళ్ల భద్రతా పరిశోధన, బేతంచెర్ల బండల గనులు

పనిలో ఎవరికైనా దెబ్బ తగిలితే ముందు వచ్చే మాట "చూసుకోవద్దా?" అని. కాస్త ఆలోచించేవాళ్లు ఇంకో మాట అడుగుతారు: "ఆ పని అట్లా చేయించొచ్చా?" పనిచోటుల్లో భద్రత మీద నూరేళ్లకు పైగా సాగిన పరిశోధన ఈ రెండు ప్రశ్నల మధ్యే నడిచింది. మొదటి ప్రశ్న మనిషిని నిలదీస్తుంది. రెండోది పని ఏర్పాటును నిలదీస్తుంది. ఈ వాదంలో ఎన్నో సిద్ధాంతాలు పుట్టాయి, ఒకదాన్నొకటి ఖండించుకున్నాయి, ఇప్పుడు చిక్కుముడి పడి ఉన్నాయి. ఏది నిలిచింది, ఏది వీగింది, ఏది ఇంకా తేలలేదు అని లెక్క చూసుకోవడం ఈ వ్యాసం పని.

ఆ లెక్కను ఒక ఊరిని ముందు పెట్టుకుని చూద్దాం. ఒకప్పుడు కర్నూలు జిల్లాలోనూ, 2022 ఏప్రిల్ నుంచి నంద్యాల జిల్లాలోనూ ఉన్న బేతంచెర్ల నాపరాళ్లకు పేరుపడ్డ ఊరు. ఇక్కడి నుంచి బనగానపల్లె, అవుకు, కొలిమిగుండ్ల మీదుగా తాడిపత్రి, జమ్మలమడుగు, ఎర్రగుంట్ల దాకా ఒకే రకం బతుకుతెరువు కనిపిస్తుంది. గనిలో బండ లేపడం, కోయడం, పాలిష్ పట్టడం, లారీకెత్తడం. భద్రతా సిద్ధాంతాల్లో చాలావరకు పెద్ద కర్మాగారాలను, విమానాలను, అణు కేంద్రాలను చూసి పుట్టినవి. పదిమంది పనిచేసే గని ముందు అవి ఎంతవరకు నిలుస్తాయన్నదే అసలు పరీక్ష.

చక్రానికి కంచె, మనిషి మీద వేలు

తొలి దశలో ప్రమాదమంటే యంత్రం చేసేది. తిరిగే చక్రానికి కంచె, బాయిలర్‌కు తనిఖీ, గని గోడకు ఆసరా. 1881 నాటి మొదటి ఫ్యాక్టరీల చట్టం, 1901 నాటి గనుల చట్టం ఈ ఆలోచన పుట్టిన కాలానివే. గనుల తనిఖీకి 1902లో కలకత్తాలో ఏర్పడిన కార్యాలయమే ఇప్పుడు ధన్‌బాద్ కేంద్రంగా ఉన్న గనుల భద్రతా డైరెక్టరేట్ జనరల్.

తర్వాత చూపు మనిషి వైపు తిరిగింది. 1919లో గ్రీన్‌వుడ్, వుడ్స్ అనే ఇద్దరు పరిశోధకులు బ్రిటన్ ఆయుధ కర్మాగారాల రికార్డులు పరిశీలించారు. ప్రమాదాలు అందరికీ సమానంగా జరగడం లేదనీ, కొందరికే ఎక్కువగా జరుగుతున్నాయనీ గమనించారు. దాంతో కొందరు స్వభావం వల్లే ప్రమాదాల పాలవుతారన్న భావన పుట్టింది. అలాంటివాళ్లను ఏరి పక్కన పెడితే చాలన్న ఆశ కొన్ని దశాబ్దాలు నడిచింది. అయితే ఒకరికి ఎక్కువ ప్రమాదాలు జరగడానికి అతని స్వభావం ఎంత కారణమో, అతనికి అప్పగించిన పని ఎంత కారణమో విడదీయడం కుదరలేదు. అందుకే ఆ భావన క్రమంగా బలం కోల్పోయింది.

ఈ దశలో అందరికంటే ఎక్కువ ప్రభావం చూపినవాడు హెర్బర్ట్ హైన్రిచ్. ట్రావెలర్స్ అనే అమెరికన్ బీమా సంస్థలో పనిచేసిన ఆయన 1931లో అచ్చయిన పుస్తకంలో, 75 వేల ప్రమాదాల రికార్డుల ఆధారంగా ఒక లెక్క చెప్పాడు. 88 శాతం ప్రమాదాలకు కారణం కార్మికుల ప్రమాదకరమైన చేష్టలు, 10 శాతానికి పనిచోటి పరిస్థితులు, మిగతా 2 శాతం తప్పించలేనివి. ఒక తీవ్ర గాయం వెనుక 29 చిన్న గాయాలు, 300 గాయం లేని ఘటనలు ఉంటాయన్న లెక్కా ఆయనదే. ఇప్పటికీ భద్రతా శిక్షణల్లో ఈ అంకెలు కనిపిస్తాయి.

వీటి మీద విమర్శ గట్టిది. ఆ రికార్డులు చాలావరకు పర్యవేక్షకులు, యాజమాన్యాలు రాసినవి. ఎవరి కాగితంలో ఎవరి తప్పు రాస్తారో వేరే చెప్పనక్కర్లేదు. మూల రికార్డులు తర్వాతివాళ్లకు దొరకలేదు. చిన్న గాయాలు తగ్గిస్తే మరణాలూ అదే నిష్పత్తిలో తగ్గుతాయన్న నమ్మకం కూడా నిలవలేదు. వేలు నలగడానికీ గని గోడ కూలడానికీ కారణాలు వేరు. ఒకటి తగ్గినంత మాత్రాన రెండోది తగ్గదు.

మీట ఆకారం చెప్పిన పాఠం

రెండో ప్రపంచ యుద్ధకాలంలో వాదం మలుపు తిరిగింది. అమెరికా బి-17 బాంబర్ విమానాలను క్షేమంగా దింపిన పైలట్లు, దిగాక రెక్కల ఫ్లాపులు ముడవబోయి చక్రాలు ముడిచేసేవారు. విమానం పొట్ట నేలకానేది. నిర్లక్ష్యం అనుకున్నారు. మనస్తత్వవేత్త అల్ఫాన్స్ చపానిస్ కాక్‌పిట్ చూసి, రెండు మీటలూ ఒకే ఆకారంలో పక్కపక్కనే ఉన్నాయని గుర్తించాడు. ఒకదానికి చక్రం ఆకారం, ఇంకోదానికి రెక్క ఆకారం ఇస్తే చేతి స్పర్శతోనే తేడా తెలిసింది. 1947లో ఫిట్స్, జోన్స్ వందలాది పైలట్ల పొరపాట్లను విశ్లేషించి ఇదే సంగతిని స్థిరపరిచారు: ఒకే చోట చాలామంది ఒకే తప్పు చేస్తున్నారంటే తప్పు ఆ చోటిది.

మానవ కారకాల శాస్త్రానికి ఇదే పునాది. మనిషి శరీరానికి, చూపుకు, అలసటకు తగ్గట్టు పనిని మలచాలన్నది దాని సారం. నాపరాళ్ల పనికి ఇది సూటిగా వర్తిస్తుంది. బండ బరువెంత, ఎందరు ఎత్తుతున్నారు, కోత బల్ల నడుం ఎత్తులో ఉందా, నీళ్లు కారే పాలిష్ యంత్రం స్విచ్ తడి చేతికి అందేచోట ఉందా, లారీ మీద బండలు నిలబెట్టినప్పుడు ఒరగకుండా ఆపేదేమిటి? "జాగ్రత్త" అన్న హెచ్చరిక వీటిలో ఒక్కదాన్నీ మార్చలేదు. ఇన్ని వాదాల మధ్య దాదాపు ఎదురులేకుండా నిలిచింది ఈ పాఠమే.

సంస్థ బోనెక్కిన కాలం

1970ల తర్వాత పెద్ద ప్రమాదాలు చూపును మళ్లీ మార్చాయి. 1978లో బారీ టర్నర్, పెను ప్రమాదాలకు ముందు ఏళ్లతరబడి హెచ్చరికలు పోగుపడతాయనీ, సంస్థ నమ్మకాలే వాటిని కనిపించకుండా చేస్తాయనీ చూపించాడు. త్రీ మైల్ ఐలాండ్ అణు ప్రమాదాన్ని అధ్యయనం చేసిన చార్లెస్ పెరో 1984లో మరీ కఠినమైన మాట చెప్పాడు. భాగాలన్నీ చిక్కుగా, బిగువుగా అల్లుకుపోయిన వ్యవస్థల్లో ప్రమాదం అనివార్యం. ఆ ఏడాది డిసెంబరులోనే భోపాల్ గ్యాస్ దుర్ఘటన జరిగింది.

1987లో బర్కిలీ పరిశోధకులు దీనికి ఎదురు నిలిచారు. విమానవాహక నౌకల వంటి చోట్ల అపాయం నిత్యం పొంచి ఉన్నా ప్రమాదాలు అరుదు. కింది ఉద్యోగి కూడా పని ఆపగలడు, అనుభవం ఉన్నవాడి మాటకు హోదాతో పనిలేకుండా విలువ ఉంటుంది, చిన్న తేడాను కూడా పట్టించుకుంటారు. ఇవే కారణాలని వారి వాదం. 1993లో స్కాట్ సేగన్ అమెరికా అణ్వాయుధ వ్యవస్థ చరిత్రను తవ్వి, ఈ రెండు పక్షాల్లో పెరో వైపే మొగ్గాడు. ఆ తగవు పూర్తిగా తీరలేదు.

జేమ్స్ రీజన్ రెండు వైపులకూ పనికొచ్చే నమూనా ఇచ్చాడు. రక్షణలు చిల్లులున్న జున్ను ముక్కల్లా వరసగా నిలబడి ఉంటాయి. చిల్లులన్నీ ఒకే గీతలోకి వచ్చిన రోజు ప్రమాదం జరుగుతుంది. చివరి చిల్లు కార్మికుడిది కావచ్చు, కానీ ముందున్నవి నిర్ణయాలు తీసుకున్నవారివి. 1996లో డయాన్ వాన్, చాలెంజర్ వ్యోమనౌక ప్రమాదంలో నిబంధన తప్పడం ఎలా క్రమంగా మామూలైపోయిందో వివరించింది. 1997లో యెన్స్ రాస్ముసెన్, ఖర్చు తగ్గించాలన్న ఒత్తిడి, శ్రమ తగ్గించుకోవాలన్న కోరిక రెండూ కలిసి పనిని రోజురోజుకూ అపాయపు అంచు వైపు నెడతాయన్నాడు. నిన్న ఏమీ కాలేదు గనుక ఈరోజు ఇంకో అడుగు వేస్తారు.

సంస్కృతి, సర్దుబాటు

1986 చెర్నోబిల్ తర్వాత భద్రతా సంస్కృతి అన్న మాట ప్రచారంలోకి వచ్చింది. అంతకు ముందే, 1980లో, డోవ్ జోహార్ ఇజ్రాయెల్ కర్మాగారాల్లో భద్రత గురించి కార్మికులు ఏమనుకుంటున్నారో కొలిచాడు. యాజమాన్యం దేనికి నిజంగా విలువిస్తుందో కార్మికుడు పసిగడతాడనీ, దాన్ని బట్టే నడుచుకుంటాడనీ ఈ పరిశోధన ధార తేల్చింది. ఇందులో మేలూ ఉంది, ముప్పూ ఉంది. సంస్కృతి అన్న పేరుతో యాజమాన్యాన్ని నిలదీయవచ్చు. అదే పేరుతో "మన కూలీలకు భద్రత అలవాటు లేదు" అని పాత నిందకే కొత్త బట్ట కట్టవచ్చు.

తాజా వాదం ఎరిక్ హోల్‌నాగెల్‌ది. 2014 నాటి పుస్తకంలో ఆయన ప్రశ్న ఇది: తప్పు జరిగిన ఒక్క రోజునే ఎందుకు చదవాలి? పని సవ్యంగా సాగే మిగతా రోజులను ఎందుకు చదవకూడదు? కాగితం మీది పనికీ, చేసే పనికీ మధ్య ఎప్పుడూ తేడా ఉంటుంది. ఆ తేడాను కార్మికుడు తన నేర్పుతో పూడుస్తాడు. బండ పొర ఎటు విడుతుందో సమ్మెట దెబ్బ చప్పుడును బట్టి చెప్పగల పనివాడి తెలివిని ఈ ధోరణి గౌరవంగా చూస్తుంది. దీనికీ ఒక హద్దుంది. సరైన పనిముట్టు లేక చేసుకున్న సర్దుబాటును నేర్పు అని పొగిడితే, పనిముట్టు ఇవ్వాల్సినవాడు తప్పించుకుంటాడు.

మన నేల మీది మూడు ఘటనలు

ఈ సిద్ధాంతాలకు దూరదేశాల ఉదాహరణలే అక్కర్లేదు. 2020 మే 7 తెల్లవారుజామున విశాఖపట్నం ఎల్‌జీ పాలిమర్స్‌లో స్టైరీన్ ఆవిరి ఎగజిమ్మి 12 మంది చనిపోయారు. నీరభ్ కుమార్ ప్రసాద్ అధ్యక్షతన ప్రభుత్వం వేసిన ఉన్నతస్థాయి కమిటీ నివేదిక, రీజన్, రాస్ముసెన్ చెప్పిన సంగతులకు నిదర్శనంలా ఉంది. ట్యాంకు అడుగున తప్ప పైపొరల్లో ఉష్ణోగ్రత కొలిచే ఏర్పాటు లేదు. 2019 డిసెంబరులో గొట్టాల అమరిక మార్చడంతో లోపలి ద్రవం సరిగా కలవడం ఆగింది. శీతలీకరణను సాయంత్రమయ్యేసరికి ఆపేయడం రివాజైంది. స్టైరీన్ గట్టిపడకుండా ఆపే రసాయనం చాలినంత లేదు. సైరన్ మోగలేదు. వీటిలో చాలావరకు ఆ రాత్రి విధుల్లో ఉన్నవాడు కొత్తగా చేసిన తప్పులు కావు.

మిగతా రెండూ గనులవి. 2018 ఆగస్టు 3న కర్నూలు జిల్లా ఆలూరు మండలం హత్తిబెళగల్ రాతి క్వారీలో పేలుడు జరిగింది. పొట్టకూటికి ఒడిశా నుంచి వచ్చిన కూలీలు అందులో ప్రాణాలు పోగొట్టుకున్నారు. 2021 మే 8న కడప జిల్లా కలసపాడు మండలం మామిళ్లపల్లె వద్ద గనికి తెచ్చిన జిలెటిన్ స్టిక్స్ దించుతుండగా పేలి 10 మంది చనిపోయారు. ఇలాంటి చోట మనిషి పొరపాటు సిద్ధాంతం అడిగేది ఒక్కటే, చెయ్యి జార్చిందెవరు అని. వ్యవస్థ సిద్ధాంతం అడిగేవి వేరు. అనుమతి ఎవరిది, సరుకు తెచ్చిందెవరు, ఏ వాహనంలో, దించే పనికి శిక్షణ ఉన్నవాళ్లెందరు, ఆ సమయంలో అక్కడ అంతమంది ఎందుకున్నారు? మొదటి ప్రశ్నకు జవాబు చెప్పాల్సినవాడు చాలాసార్లు బతికి ఉండడు. రెండో రకం ప్రశ్నలకు జవాబు చెప్పాల్సినవాళ్లు బతికే ఉంటారు.

ఒక్క చూపులో

- వ్యక్తి దోషం: కారణం కార్మికుడి నిర్లక్ష్యం. మందు శిక్షణ, హెచ్చరిక, జరిమానా. బలం సులువుగా అమలు కావడం. లోపం అసలు కారణాన్ని కప్పిపెట్టడం.
- మానవ కారకాలు: కారణం మనిషికి నప్పని పనిముట్టు, పని తీరు. మందు అమరిక మార్చడం. బలం గట్టి రుజువులు. లోపం కూలి, గుత్త, పని భద్రతల దాకా చూపు పోకపోవడం.
- సంస్థ దోషం: కారణం పై నిర్ణయాలు, పోగుపడ్డ లోపాలు. మందు రక్షణల వరస, హెచ్చరికలు వినడం. బలం పెద్ద ప్రమాదాలను వివరించగలగడం. లోపం సంస్థే లేనిచోట ఎవరిని పట్టుకోవాలో చెప్పలేకపోవడం.
- సంస్కృతి: కారణం అందరూ పంచుకున్న విలువలు. మందు నాయకత్వం, నమ్మకం. బలం కార్మికుడి మాటకు చోటు. లోపం ఎటైనా తిప్పగలిగిన మెత్తని భావన.
- సర్దుబాటు: భద్రతంటే మారే పరిస్థితుల్లో పని నడిపే సామర్థ్యం. మందు మామూలు రోజును చదవడం. బలం నేర్పుకు గౌరవం. లోపం కొలవడం కష్టం.

బేతంచెర్లలో సంస్థ ఎక్కడుంది?

ఈ పట్టికలో రెండు మూడు వరసలకు "సంస్థ" కావాలి. మేనేజరు, భద్రతాధికారి, కమిటీ, రికార్డు ఉండాలి. నాపరాళ్ల పని అలా అమరి లేదు. లీజు ఒకరిది, గని నడిపేది ఒకరు, కూలీలను తెచ్చేది మేస్త్రీ, లారీ ఇంకొకరిది, పాలిష్ ఫ్యాక్టరీ మరొకరిది, ధర తేల్చేది ఊరి బయటి కొనుగోలుదారు. బండ ప్రతి చేతి నుంచీ ఇంకో చేతికి పోతుంది. దానితోపాటు బాధ్యత కూడా పోతుంది.

చట్టం గీసిన గీతలు కూడా ఇక్కడ గమనించాలి. 2025 నవంబరు దాకా అమల్లో ఉన్న 1952 గనుల చట్టం మూడో సెక్షన్, ఇంటి కట్టడపు రాయి, సున్నపురాయి వంటి కొన్ని ఖనిజాల గనులకు చాలా నిబంధనల నుంచి మినహాయింపు ఇచ్చేది. దానికి షరతులు మూడు: బహిరంగ గని లోతు ఎక్కడా 6 మీటర్లు దాటకూడదు, ఒక రోజులో పనిచేసేవారు 50 మందిని మించకూడదు, పేలుడు పదార్థాలు వాడకూడదు. నాపరాయిని పగుళ్లు పట్టకుండా పొరలుగా లేపాలి గనుక పేలుళ్లతో పని తక్కువ. మనుషులు తక్కువ, తొలినాళ్లలో లోతూ తక్కువే. అంటే చిన్న గని తన స్వభావం చేతనే మినహాయింపులోకి జారే అవకాశం ఉండేది. తనిఖీ అధికారాలు, మైనర్లను పనిలో పెట్టరాదన్న నిషేధం వంటి కొన్ని సెక్షన్లు అప్పటికీ వర్తించేవి. గని లోతెక్కి గీత దాటిన రోజున చట్టమంతా వర్తించాల్సింది. ఆ రోజును గుర్తించేదెవరు?

పాలిష్ పని విషయంలోనూ గీత జరిగింది. 1948 ఫ్యాక్టరీల చట్టం విద్యుత్తుతో నడిచే చోట 10 మంది ఉంటే ఫ్యాక్టరీ అన్నది. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన వృత్తి భద్రతా కోడ్‌లో అది 20కి పెరిగింది. భద్రతాధికారి తప్పనిసరి కావాలంటే మామూలు ఫ్యాక్టరీలో 500 మంది, గనిలో 100 మంది ఉండాలి. పెద్ద సంస్థకు ఇది సబబే కావచ్చు. చిన్న చిన్న యూనిట్లతో బతికే ఊరికి మాత్రం ఆ అధికారి ఎన్నటికీ కనబడడు.

దుమ్ము సంగతి వేరే చెప్పాలి. గాయం ఆ క్షణాన కనిపిస్తుంది, ఊపిరితిత్తుల జబ్బు ఏళ్ల తర్వాత బయటపడుతుంది. స్ఫటిక సిలికా దుమ్మును అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1997లో మనుషుల్లో క్యాన్సర్ కలిగించే పదార్థాల జాబితాలో చేర్చింది. అహ్మదాబాద్‌లోని జాతీయ వృత్తి ఆరోగ్య సంస్థ మధ్యప్రదేశ్‌లోని మంద్‌సౌర్ పలక బలపాల కార్మికులను పరీక్షించి, సగానికి పైగా మందిలో సిలికోసిస్ చూసింది. నాపరాయి ప్రధానంగా సున్నపురాయి గనుక దాన్ని పలకరాయితో సమానం చేయకూడదు. కానీ పొరను బట్టి సిలికా పాలు మారుతుంది. పొడిగా కోస్తే దుమ్ము లేస్తుంది, నీళ్లతో కోస్తే చాలావరకు అణుగుతుంది. ఇక్కడ ప్రమాదాల సిద్ధాంతాలేవీ చాలవు. దుమ్ము కొలవాలి, ఊపిరి పరీక్షలు చేయాలి, ఆ రికార్డు కూలీతోపాటు గని నుంచి గనికి నడవాలి.

చిన్న పనిచోట్ల గురించి తెలిసింది

చిన్న పనిచోట్ల మీద పరిశోధన ఆలస్యంగా మొదలైనా విలువైన సంగతులు చెప్పింది. 2006లో డెన్మార్క్ పరిశోధకులు హాస్లే, లింబోర్గ్ చేసిన సమీక్ష ప్రకారం, చిన్న యజమాని కాగితపు వ్యవస్థలకు స్పందించడు. నమ్మకమున్న మనిషి నేరుగా వచ్చి, చవకగా చేయగల మార్పు చూపిస్తే స్పందిస్తాడు. అంతర్జాతీయ కార్మిక సంస్థ 1980ల చివరి నుంచి ఆసియా చిన్న పరిశ్రమల్లో నడిపిన శిక్షణలు ఈ దారివే. స్థానికంగా ఇప్పటికే ఉన్న మంచి పద్ధతిని ఫొటోతో చూపించి, పక్కవాడిచేత చేయించడం వాటి పద్ధతి. స్వీడన్ 1970ల నుంచి ఇంకో మార్గం చట్టబద్ధం చేసింది: సొంత భద్రతా ప్రతినిధి లేని చిన్న చోట్లన్నిటికీ కలిపి, కార్మిక సంఘం ఎంచిన ప్రాంతీయ ప్రతినిధి తిరిగి చూస్తాడు.

తనిఖీ వ్యర్థమన్న వాదానికీ జవాబు దొరికింది. కాలిఫోర్నియాలో లాటరీ పద్ధతిలో ఎంపికై తనిఖీ జరిగిన సంస్థలను, జరగనివాటితో పోల్చిన అధ్యయనం 2012లో వెలువడింది. తనిఖీ జరిగిన చోట గాయాలు 9.4 శాతం తగ్గాయి, ఉద్యోగాలు తగ్గిన జాడ లేదు.

ఇంకా తేలనివి

మొదటిది, కూలి కట్టే తీరు. 2010లో వచ్చిన ఒక స్వీడిష్ సమీక్ష, ముక్కలెక్క కూలి భద్రతకు చేటని చాలా అధ్యయనాలు చెబుతున్నట్టు తేల్చింది. కానీ పనివాడి ఆదాయం పడిపోకుండా ఆ పద్ధతి మార్చే దారి మీద ఏకాభిప్రాయం లేదు. బండ లెక్కన కూలి వచ్చేచోట, విశ్రాంతి అంటే కూలి కోత. నలభై డిగ్రీలు దాటే రాయలసీమ ఎండలో ఇది ఆరోగ్య ప్రశ్న కూడా.

రెండోది, నింద లేని వాతావరణానికీ జవాబుదారీకీ మధ్య హద్దు. కూలీ తప్పును క్షమిస్తేనే నిజం బయటికొస్తుందని పరిశోధన చెబుతుంది. అదే క్షమ యజమానికి వర్తించాలా? నా ఉద్దేశంలో వర్తించదు. పరిస్థితిని మార్చే అధికారం ఎంత ఉంటే జవాబుదారీ అంత ఉండాలి.

మూడోది, కొలత. ఫిర్యాదు చేస్తే పని పోతుందన్న భయం ఉన్నచోట ప్రమాదాల సంఖ్య తక్కువగానే నమోదవుతుంది. ఆ తక్కువ భద్రతకు గుర్తా, మౌనానికి గుర్తా అన్నది కాగితం చెప్పదు.

తీర్పు

నూరేళ్ల వాదంలో ఒక సంగతి తేలిందనే చెప్పాలి. తప్పు చేయడం మనిషికి సహజం. ఆ తప్పు ప్రాణం తీయకుండా పనిని అమర్చడం సాధ్యం, అమర్చాల్సిన బాధ్యత అమర్చగలిగినవారిది. తేలనిది, ఆ బాధ్యత పదిచేతుల్లో చెదిరిపోయినచోట దాన్ని ఎలా కూడగట్టాలన్నది.

బేతంచెర్ల వంటి ఊళ్లకు నాకు కనిపించే సమాధానం, భద్రతకు కొలమానం ఒక్కో యూనిట్ కాకుండా ఊరు మొత్తం కావడం. గనులు, పాలిష్ ఫ్యాక్టరీలు, లారీ యజమానులు, కూలీల సంఘాలు కలిసి భరించే ఒక ఉమ్మడి భద్రతాధికారి. ఎవరి గనిలోకైనా వెళ్లి పని ఆపించగల కార్మిక ప్రతినిధి. ఏటా ఒకసారి అందరికీ ఊపిరి పరీక్ష. గని లోతును క్రమంగా కొలిచి గనుల శాఖకు తెలిపే పద్ధతి. నీటితో కోత తప్పనిసరి. వీటిలో కొత్తగా కనిపెట్టాల్సినది ఒక్కటీ లేదు. ఖర్చును బండ ధరలో కలిపితే, ఆ బండ మీద నడిచేవారంతా తలా కాస్త భరిస్తారు. ఇప్పుడు ఆ ఖర్చంతా కూలీ ఒక్కడే తన ఒంటితో కడుతున్నాడు. దీన్ని మార్చడానికి కావలసిన జ్ఞానం ఇప్పటికే ఉంది. ఇక కావలసింది ఆ బాధ్యతను పేరు పెట్టి, సంతకం పెట్టి తీసుకునే మనుషులు.